అమ్మ కోసం మంచి గాలి

మా అమ్మకు ఆయాసం మొదలైన ఏడాది మేము నంద్యాలలో ఉన్నాం. అంతకు ముందు నాలుగేళ్ళు వెలుగోడులో పనిచేశాను. అక్కడ రిజర్వాయరు మీదినుంచి వచ్చే గాలిని అమ్మ రోజూ తిట్టేది. చెమ్మ గాలి, మోకాళ్ళు పట్టేస్తాండాయి అనేది. నంద్యాలకు బదిలీ అయిందని చెప్పినప్పుడు మా ఇంట్లో సంతోషపడింది ఆమె ఒక్కతే.

నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. గాలిలో ఏమేముంటాయో, ఏది ఎన్ని పాళ్ళు ఉంటుందో బోర్డు మీద రాసి పిల్లల చేత అప్పజెప్పించుకోవడం నా ఉద్యోగంలో ఒక భాగం. అందుకని గాలి విషయంలో మా ఇంట్లో చివరి మాట నాదే అని అనుకునేవాణ్ణి. నా భార్య ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఆమె కూడా ఆ రోజుల్లో అలాగే అనుకునేది.

నంద్యాలలో మాకు దొరికింది మేడ మీద ఇల్లు. కింద ఇంటాయన కిరాణా అంగడి పెట్టుకున్నాడు. ఇల్లు చూపించేటప్పుడు ఆయన కిటికీలన్నీ తెరిచి, "గాలికి కరువు లేదు సార్ ఈడ. ఫ్యానుతో పనే లేదు" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. గాలి బాగానే వచ్చేది. అది రైస్ మిల్లుల వైపు నుంచి వచ్చేది. ఊక కాల్చిన నల్ల బూడిద సన్నగా, ముగ్గు పోసినట్టు, మిద్దె నిండా పరుచుకునేది. వానాకాలం అంతగా తెలియలేదు. చలికాలం వచ్చేసరికి పొద్దున లేచి పరక పట్టడం, సాయంత్రం మళ్ళీ పట్టడం.

అమ్మకు దగ్గు కంటే ముందు కోపం వచ్చింది. ఆదివారం చర్చికి కట్టుకుపోయే తెల్ల చీరను శనివారం ఉతికి తీగ మీద ఆరేసేది. సాయంత్రానికి దాని మీద నల్ల చుక్కలు. ఒకసారి ఆ చీర చంకలో పెట్టుకుని కిందికి దిగి ఇంటాయన ముందర పరిచింది.

"ఇదేందప్పా? నేను తెల్లచీర కట్టుకుండేదాన్నా, చుక్కల చీర కట్టుకుండేదాన్నా?"

ఆయన చీరను వేలితో తాకి చూసి, "వడ్ల ఊక బూడిదేలే అమ్మా. చెడ్డది కాదు. మా అవ్వ దీంతోనే పండ్లు తోముకుండేది" అన్నాడు.

"మీ అవ్వ తోముకోనీ. నేను పీల్చుకుంటాండా," అంది అమ్మ.

సంక్రాంతి పోయాక దగ్గు పట్టుకుంది. మాఘమాసం చలికి ఆయాసం వచ్చింది. మెట్లెక్కి వస్తే మంచం పట్టుకుని రెండు నిమిషాలు నిలబడిపోయేది. డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన మంచివాడు, ఓపికగా ఛాతీ విన్నాడు.

"అవ్వా, బీడీ చుట్టా ఏమన్నా అలవాటుందా?"

అమ్మ లేచి నిలబడింది. "నన్ను చూస్తే బీడీ తాగేదాని మాదిరి అగపడ్తాండానా నాయనా?"

"అందరినీ అడుగుతామవ్వా. కట్టెల పొయ్యి మీద వంట చేసినావా?"

"చేయకుంటే బువ్వెట్లొస్తాది? నలభై ఏండ్లు ఊదినా."

ఆయన తలూపి ఏదో రాసుకున్నాడు. పీల్చే మందు రాశాడు, మాత్రలు రాశాడు. చివర్లో నా వైపు తిరిగి, "మందులు మందులే గానీ సార్, గాలి మార్చండి. మంచి గాలి ఉన్న చోట పెట్టండి" అన్నాడు. ఆయన గది కిటికీలకు సందు లేకుండా అద్దాలు బిగించి ఏసీ పెట్టుకున్నాడు. బయట రోడ్డు మీద వరసగా ఆగిన ఆటోలు పొగ వదులుతున్నాయి. ఆ పొగలో నిలబడే మేము కూడా ఆటో కోసం చూశాం.

ఆ వేసవిలో అమ్మ ఆరోగ్యం కారణం చూపించి బదిలీకి పెట్టుకున్నాను. ఆళ్ళగడ్డ వచ్చింది. ఆళ్ళగడ్డ నంద్యాలంత పెద్దది కాదు, చుట్టూ పొలాలు, అటు పక్క కొండలు. ఇంతకంటే మంచి గాలి ఇంకెక్కడుంటుంది అనుకున్నాను. ఇల్లు వెతకడానికి నేనూ నా భార్యా పోయిన రోజు, ఊరి చివర ఒక వీధిలో మూడు గదుల ఇల్లు చూశాం. ముందర అరుగు, వెనక వేపచెట్టు. వీధి అంతా నిశ్శబ్దం. ఎదురుగా రేకుల షెడ్డు కింద సగం చెక్కిన రాతి విగ్రహాలు గమ్మున నిలబడి ఉన్నాయి. నాకు ఆ నిశ్శబ్దం బాగా నచ్చింది. అక్కడికక్కడే ఒప్పుకుని వచ్చాం.

మేము చూడబోయిన రోజు అమావాస్య. అమావాస్యనాడు శిల్పులు ఉలి ముట్టరు. ఆ సంగతి సామాను దించిన మర్నాడు పొద్దున తెలిసింది. ఏడు గంటలకు మొదటి కటింగ్ మిషన్ మొదలైంది. కీచుమంటూ చెవులు చిల్లులు పడే శబ్దం, దాని వెనకే తెల్లటి దుమ్ము. షెడ్డులోంచి లేచి రోడ్డు దాటి మా అరుగు మీదికి వచ్చి వాలింది. నంద్యాలలో నల్లది ఊడ్చాం, ఇక్కడ తెల్లది ఊడ్చాలి.

నా భార్య పరక పట్టుకుని నా మొహం చూసింది. అమ్మ అంది: "ఈసారి చీర మీద చుక్కలు అగపడవులే."

నా ఫోన్లో ఒక యాప్ ఉంది. ఏ ఊరి గాలి ఎలా ఉందో రంగులో చూపిస్తుంది. ఆళ్ళగడ్డ అని కొడితే పచ్చరంగు వచ్చేది. గాలి బాగుంది, హాయిగా బయట తిరగవచ్చు అని రాసి ఉండేది. అరుగు మీద కూర్చున్న అమ్మకు చూపించాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళు చికిలించి చూసింది.

"ఇది యాడ కూర్చోని చూస్తాండాది రా?"

తర్వాత ఒకరోజు తీరిగ్గా వెతికి చూస్తే, గాలిని కొలిచే యంత్రం మా ఊర్లో లేనే లేదని తెలిసింది. ఎక్కడో ఉన్నదాన్ని బట్టి అది మా గాలిని ఊహిస్తోంది.

ఎదురింటి శిల్పికి యాభై ఏళ్ళుంటాయి. సన్నగా, ఎప్పుడూ కనుబొమ్మల దాకా తెల్లగా దుమ్ము కొట్టుకుని ఉండేవాడు. ఆయనకూ దగ్గుంది. నేను ఒక సాయంత్రం పోయి మాట్లాడాను. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో, కంటికి కనపడేదానికంటే కనపడనిది ఎందుకు ప్రమాదమో, తొమ్మిదో తరగతికి చెప్పినట్టు విడమర్చి చెప్పాను. కరోనా నాటి మాస్కుల డబ్బా ఒకటి ఇంట్లో మిగిలి ఉంటే అదీ ఇచ్చాను. ఆయన మిషన్ ఆపి, చేతులు తుడుచుకుని, నిలబడి విన్నాడు. "మంచిది సార్" అన్నాడు. మాస్కుల డబ్బాను గోడకు ఒక మేకుకు తగిలించాడు. అది అక్కడే ఉండిపోయింది, దాని మీద కూడా దుమ్ము పేరుకుంది.

అమ్మ అలా చేయలేదు. ఒక వారం రోజులు మధ్యాహ్నం పని ఆగే వేళకు పోయి షెడ్డు ముందర ఒక బండ మీద కూర్చుంది. ఆయన భార్యతో కూరల సంగతి, కాళ్ళ నొప్పుల సంగతి మాట్లాడింది. చర్చిలో పాస్టరుగారు ఎవరి ద్వారానో విని, "ఏమ్మా, విగ్రహాల మధ్య కూర్చుంటాండావంట?" అని అడిగాడు. "వాళ్ళు రాళ్ళ మాదిరి నిలబడి ఉండారయ్యా, నా జోలికి రాలే. దుమ్మే వస్తాండాది" అంది అమ్మ. వారం తర్వాత శిల్పి భార్యను అడిగింది:

"అమ్మే, ఆయప్ప కోసేటప్పుడు నీళ్ళు పోస్తే ఏమైతాది?"

"కరెంటు మిషనమ్మా. షాక్ కొడ్తాదంటాడు."

"మిషన్ మీద వద్దులే. ఈ ముందర గోనె పట్టలు కట్టి తడిపితే? మా ఊర్లో ఎండాకాలం వాకిలికి కట్టుకుంటామే, అట్ల. దుమ్ము దానికి అంటుకుంటాది కదా."

రెండు రోజులకు షెడ్డు ముందర, రోడ్డు వైపు, గోనె సంచులు విప్పి కుట్టిన పరదా వేలాడింది. కుట్టింది నా భార్యే, మా ఇంట్లో మిషన్ మీద. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి శిల్పి భార్య దాని మీద చెంబుతో నీళ్ళు కొట్టేది. దుమ్ము పూర్తిగా ఆగలేదు. సగం ఆగింది. నేను సైన్సు అంతా చెప్పినా రానిది అమ్మ బండ మీద కూర్చుంటే వచ్చింది. మా అరుగు మీద మళ్ళీ కూర్చునే వీలు కలిగింది. ఆ వానాకాలం అమ్మ బాగుంది. పీల్చే మందు కూడా రోజుకు ఒక్కసారే.

అక్కడితో నేను ఊరుకుని ఉండాల్సింది.

కార్తీకం చలి మొదలయ్యాక అమ్మకు మళ్ళీ కొంచెం దగ్గు వచ్చింది. ఎక్కువేం కాదు. కానీ డాక్టరు అన్న మాట నా చెవిలోంచి పోలేదు. మంచి గాలి కావాలంటే మా సొంత ఊరికి పంపాలి అని నిర్ణయించుకున్నాను. మా ఊరు ఆళ్ళగడ్డకు దగ్గరే, కేసీ కాలువ కింద వరి పండే ఊరు. అక్కడ మా చిన్నమ్మ ఉంది, అమ్మకు చెల్లెలు. చర్చి పక్కన చివరి ఇల్లు, దాని తర్వాత పొలాలే. మా చేను కూడా ఆ వైపే ఉంది. దాన్ని ఊర్లో ఒకాయన గుత్తకు చేస్తాడు.

నా భార్య ఒక్కటే మాట అడిగింది. "ఇప్పుడు కోతల కాలం కదా. ఊర్లో గాలి మాత్రం ఏం బాగుంటుంది?"

"చెట్లున్నాయి, కాలువుంది. మిల్లు లేదు, రాళ్ళ మిషన్ లేదు," అన్నాను. కిరణజన్య సంయోగక్రియ గురించి కూడా ఒక ముక్క చెప్పినట్టు గుర్తు.

అమ్మకు పోవాలని లేదు. "ఈడ బాగుండాను కదా నాయనా" అంది. నేను వినలేదు. ఒక శనివారం ఆటోలో తీసుకుపోయి చిన్నమ్మ ఇంట్లో దింపి, కాలువ గట్టు మీద నిలబడి గట్టిగా గాలి పీల్చి, ఫోన్లో పచ్చరంగు చూసుకుని తిరిగి వచ్చాను.

పది రోజుల తర్వాత మా బడిలో పర్యావరణం మీద ఒక కార్యక్రమం జరిగింది. దానికి బాధ్యుణ్ణి నేనే. పిల్లలను ఎండలో వరసగా నిలబెట్టి, చెయ్యి ముందుకు చాపించి, చెత్త తగలబెట్టబోమని, పొలాల్లో గడ్డి కాల్చనివ్వమని, మా అమ్మా నాయనలకు చెప్తామని ప్రమాణం చేయించాను. ప్రమాణం రాసింది నేనే. నేను ఒక్కో ముక్క చెప్తుంటే పిల్లలు గొంతెత్తి పలికారు. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టాడు.

స్టాఫ్‌రూమ్‌కు వచ్చి నీళ్ళు తాగుతుంటే ఫోన్ మోగింది. మా చేను చేసే ఆయన.

"సార్, మిషన్ తో కోయించినా. గడ్డి అంతా చేన్లోనే పడింది. మినుము ఎయ్యల్ల, నేల పదును పోతాంది. గడ్డి ఏరేదానికి మనుషులు దొరకడం లేదు. అందరూ అగ్గి పెడ్తాండారు. మనం ఏం చేద్దాం?"

నాకు అప్పుడు తర్వాతి పీరియడ్ బెల్లు మోగుతోంది. "నీ ఇష్టమన్నా. కాల్చాలంటే కాల్చు, ఏదో ఒకటి తొందరగా కానీ" అన్నాను. ఫోన్ జేబులో పెట్టుకుని, సుద్దముక్క తీసుకుని క్లాసుకు పోయాను. ఆ నిమిషంలో నాకు ఆ రెండు విషయాలూ ఒకదానికొకటి తగల్లేదు. తగిలి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. కానీ తగల్లేదు. అబద్ధం చెప్పి ఏం లాభం.

మూడో రోజు పొద్దున చిన్నమ్మ ఫోన్ చేసింది. మాటల మధ్య అమ్మ ఊపిరి వినపడుతోంది, గొంతులో ఈల వేసినట్టు. నేను పోయేసరికి ఊరి మీద పొగ మంచులాగా కిందికి దిగి కూర్చుంది. చలికాలం పొద్దున పొగ పైకి లేవదు, నేల మీదే పరుచుకుంటుంది. అది కూడా నేను చెప్పే పాఠమే. చిన్నమ్మ కిటికీలకు దుప్పట్లు కట్టింది. అమ్మ మంచం అంచున, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి కూర్చుంది. మాట లేదు. పెదాలు నల్లబడ్డాయి. ఆమెను చేతుల మీద ఎత్తుకుని బాడుగ కారులో పడుకోబెట్టేటప్పుడు, ఆమె ఇంత తేలికైపోయిందని నాకు మొదటిసారి తెలిసింది.

నంద్యాలకు పోయేదాకా దారి పొడుగునా రెండు వైపులా చేలు కాలుతూనే ఉన్నాయి. డ్రైవరు పగలు లైట్లు వేసుకుని నడిపాడు. కారు అద్దాలు ఎక్కించాను. అప్పటికి చేయగలిగింది అదొక్కటే.

ఆసుపత్రిలో ఆ వార్డు నిండా ఇలాంటి వాళ్ళే. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, అందరి మొహాల మీదా అవే గొట్టాలు, అదే బుసబుస శబ్దం. మా పాత డాక్టరే వచ్చాడు.

"ఎక్కడుంది ఈమె?"

"ఊర్లో పెట్టాను సార్. మంచి గాలి కోసం."

ఆయన నవ్వలేదు. నన్ను ఒక్క క్షణం చూసి, కాగితం మీద ఏదో రాసి పక్క మంచానికి పోయాడు. నవ్వి ఉంటేనే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

రెండో రోజు మధ్యాహ్నానికి అమ్మ తెరిపిన పడింది. కొంచెం గంజి తాగింది. నా భార్య గిన్నెలు కడగడానికి పోయింది. అప్పుడు చెప్పాను.

"అమ్మా, మన చేను కాల్చమని చెప్పింది నేనే. ఫోన్లో అడిగినాడు. నేనే కాల్చమన్నా."

అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. "తెల్సులే" అంది.

"ఎట్ల తెల్సు?"

"అగ్గి పెట్టే ముందర ఆయప్ప వచ్చి చెప్పిపోయినాడు. అవ్వా, సారు కాల్చమన్నాడు, నువ్వు కిటికీలు మూసుకో అని."

"మరి వద్దని చెప్పకూడదా? నీకు ఆయాసమని తెల్సు కదా ఆయనకు."

అమ్మ కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఎగతాళి లేదు ఆ చూపులో. నిజంగానే చెప్పింది:

"నువ్వు చెప్పినావంటే ఏందో ఆలోచించే చెప్పింటావనుకున్యా నాయనా. సైన్సు సారువి కదా."

నేను లేచి వరండాలోకి పోయి నిలబడ్డాను. కాసేపటికి నా భార్య వచ్చి పక్కన నిలబడింది. ఆమెకు తర్వాత చెప్పాను. కోతల కాలం అని తాను ముందే చెప్పిన మాట మళ్ళీ ఎత్తలేదు. అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది, ఆ సాయంత్రం: "మీ చిన్నమ్మకు చెప్పొద్దు. ఊర్లో అందరూ సారూ సారూ అని గొప్పగా చెప్పుకుంటాండారు."

ఆసుపత్రి నుంచి వదిలిపెట్టిన రోజు, ఎక్కడికి పోదామని అడిగాను. ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. అంతకు ముందు ఎప్పుడూ నేనే నిర్ణయించాను. ఆళ్ళగడ్డకు, రాళ్ళ వీధికి, అంది. మేము ఆటో దిగేసరికి గోనె పరదా తడిగా ఉంది. శిల్పి మిషన్ ఆపి బయటికి వచ్చాడు. "అవ్వ వచ్చినాక ఇటు పక్క కోయొద్దని చెప్పింది మా ఆడమనిషి" అన్నాడు. పెద్ద రాళ్ళు కోసే పనిని షెడ్డు వెనక వైపుకు మార్చుకున్నాడు. ఆయన భార్య మా ఇల్లంతా తడిగుడ్డతో తుడిచి పెట్టింది.

మరుసటి ఏడాది కోతలకు నెల ముందే నేను ఊరికి పోయాను. గడ్డిని చుట్టి కట్టలు కట్టే మిషన్ ఒకటి పక్క మండలంలో తిరుగుతోందని విని, దాని డ్రైవరును పట్టుకున్నాను. గేదెలున్న ఒకాయన ఆ కట్టలు తీసుకుపోతానన్నాడు. మినుము వారం ఆలస్యమవుతుందని మా చేను చేసే ఆయన గొణిగాడు గానీ ఒప్పుకున్నాడు. మా చేను కాలలేదు. ఎండిన కొయ్యకాళ్ళతో ఎర్రగా, మొండిగా నిలబడి ఉంటే చూడడానికి నాకు గర్వంగా కూడా అనిపించింది.

మా గడ్డి కట్టలు ఎత్తిన సాయంత్రమే దాని పక్క చేనుకు అగ్గి పెట్టారు. ఆ రైతును నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. గట్టు మీద నిలబెట్టి అడిగాను.

"అన్నా, నాలుగు రోజులు ఆగితే ఆ మిషన్ నీ చేన్లోకి కూడా వచ్చేది కదా?"

"పోయినేడు మీరు కాలిస్తే నేనేమన్నా అడిగినానా సార్?" అన్నాడు. కోపంగా అనలేదు. మామూలుగా, వాన ఎప్పుడొస్తుందో మాట్లాడుకున్నట్టే అన్నాడు. మా ఇద్దరి మధ్య నుంచి పొగ నెమ్మదిగా మా చేను మీదుగా ఊరి వైపుకు పోయింది. ఎవరు కాల్చారో ఎవరు కాల్చలేదో దానికి తెలియదు కదా. చివరికి ఆయన, "వచ్చే ఏడు చూస్తాంలే సార్. మిషనోడు వస్తే చెప్పండి" అన్నాడు.

ఆ పొగ ఆళ్ళగడ్డ దాకా వచ్చింది. కాకపోతే ఈసారి పలచగా వచ్చింది, మేమూ సిద్ధంగా ఉన్నాం. ఇంట్లోనే ఆవిరి మందు పెట్టుకునే చిన్న యంత్రం కొన్నాం. నాలుగు రోజులు దాంతోనే గడిచింది, ఆసుపత్రికి పోలేదు. నేను ఊరి నుంచి ఇల్లు చేరేసరికి అమ్మ మూతికి ఆ యంత్రం మాస్కు పెట్టుకుని మంచం మీద కూర్చుంది. పక్కన శిల్పి భార్య చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ మాస్కు కొంచెం పక్కకు జరిపి అడిగింది.

"ఏమన్నాడు ఆ పక్క చేను ఆయప్ప?"

"వచ్చే ఏడు చూస్తానన్నాడు."

"చూస్తాడులే," అంది అమ్మ. "ఆయప్ప నీ మాదిరి సదువుకోలేదు కదా. చెప్తే ఇంటాడు."

శిల్పి భార్య తల వంచుకుని నవ్వు ఆపుకుంది. అమ్మ మళ్ళీ మాస్కు పెట్టుకుంది. మందు అయిపోవడానికి ఇంకా ఐదు నిమిషాలుంది. నేను కూడా కూర్చుని ఒక పిడికెడు చిక్కుడుకాయలు తీసుకున్నాను.